అవ్వ కోసం కొన్న ఏడు సీట్ల బండి

పాత బండి కొనడానికి పోయేటప్పుడు ఎవరినైనా వెంట తీసుకెళ్లండి. బావమరిదిని తీసుకెళ్లండి, పక్కింటాయనను తీసుకెళ్లండి, దారిలో లిఫ్ట్ అడిగినవాణ్ని కూడా ఎక్కించుకోండి. కానీ ఆ బండి ఎవరి కోసం కొంటున్నారో ఆ మనిషిని మాత్రం చచ్చినా తీసుకెళ్లకండి!

ఎందుకంటారా? ఎక్కాల్సిన మనిషి వస్తే ఏం చేస్తుంది? తలుపు తీస్తుంది, ఎక్కుతుంది, కూర్చుంటుంది. బాగుందనో బాగాలేదనో చెబుతుంది. అంతటితో పరీక్ష ముగిసిపోతుంది. మరి మిగతావాళ్ల పాండిత్యం ఏం కావాలి? యూట్యూబ్‌లో రివ్యూలు చూసి చూసి సంపాదించిన విజ్ఞానాన్ని ఏ గంగలో కలపాలి? ఒక ముసలమ్మ మోకాలు ఇచ్చే తీర్పుకు ఇన్ని బుర్రలు తల వంచాలా? ఇదెక్కడి న్యాయం!

నా మాట మీద నమ్మకం లేకపోతే ఓబులేసు సంగతి వినండి. చెన్నేకొత్తపల్లికి దగ్గర్లోనే ఆయన ఊరు. శెనక్కాయ చేలు, చీనీ బత్తాయిల తోట ఉన్న రైతు. ఊళ్లో ఆయన మాటకు విలువ ఉంది. ఆ విలువ ఎక్కడ తగ్గిపోతుందోనన్న దిగులు కూడా ఆయనకే ఉంది.

ఓబులేసు తల్లి హనుమక్కకు మోకాళ్లు పోయాయి. ఇంట్లో గోడ పట్టుకుని తిరుగుతుంది గాని బస్సు మెట్టు ఎక్కలేదు. పెనుకొండలో ఉన్న ఆమె చెల్లెలు కుళ్ళాయమ్మకు చూపు పోయింది. అక్కాచెల్లెళ్లు ఒకరినొకరు కలుసుకుని ఏళ్లు దాటాయి. వీడియో కాల్ పెట్టించి చూశారు. చూపులేని మనిషికి వీడియో ఏం పనికొస్తుంది?

"మొకం నాకెందుకు, మాయక్క చెయ్యి అందీండి" అని అట్నుంచి కుళ్ళాయమ్మ కసురుకుంది. చెయ్యి పట్టుకుంటే తప్ప ఆమెకు అక్క కనిపించదు మరి.

ఆ రోజు నుంచి హనుమక్కకు ఒకటే మాట. "నన్ను ఒక్కతూరి పెనుకొండకు తీసకపోప్పా. దాని చెయ్యి పట్టుకోని వస్తా."

ఓబులేసు చెడ్డవాడు కాదు. తల్లి మాట విన్నాడు. వెంటనే బండి కొనాలనుకున్నాడు. చిన్నది కాదు, ఏడు సీట్ల డీజిల్ బండి! ఒక ముసలమ్మ పక్క ఊరికి పోయి రావడానికి ఏడు సీట్లు ఎందుకని మీరు అడగవచ్చు. అలా అడిగేవాళ్లకు మాతృభక్తి అంటే ఏమిటో తెలియదు. చిన్న కారులో తల్లిని తీసుకెళితే తల్లిని తీసుకెళ్లినట్టే ఉంటుంది. పెద్ద బండిలో తీసుకెళితే కదా ఊరికి తెలిసేది!

కొత్తది కొనే తాహతు లేదు కాబట్టి పాతది చూద్దామనుకున్నారు. హిందూపురంలో ఒకటి అమ్మకానికి ఉందని తెలిసింది. దాన్ని పరీక్షించడానికి ఇద్దరు నిపుణులు సిద్ధమయ్యారు. ఒకరు ఓబులేసు బావమరిది మోహన్. ధర్మవరంలో పట్టుచీరల కొట్టు నడుపుతాడు, కొట్టులో బేరం లేనప్పుడల్లా ఫోన్లో బండ్ల రివ్యూలు చూస్తాడు. ధర్మవరంలో బేరాలు ఎలా ఉన్నాయో ఆయన పరిజ్ఞానాన్ని బట్టి మీరే ఊహించుకోండి. రెండోవారు పక్కింటి అంజనప్ప. ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్లలో ఎవరు ఎద్దులు కొన్నా అంజనప్ప చూడకుండా కొనేవారు కాదు. ట్రాక్టర్లు వచ్చి ఎద్దులు పోయాయి. అంజనప్ప మాత్రం పోలేదు, ఆయన విద్యా పోలేదు. చూసేందుకు ఏదో ఒకటి కావాలి కదా పాపం!

మోహన్ తన చిన్న కారు తెచ్చాడు. ముగ్గురూ బయలుదేరబోతుంటే హనుమక్క ఉతికిన చీర కట్టుకుని, చెల్లెలి కోసం నూనెలో కాల్చిన నిప్పట్లు డబ్బాలో పెట్టుకుని వాకిట్లోకి వచ్చింది. హిందూపురం పోయే దారిలోనే పెనుకొండ ఉంది. కారులో వెనక సీటు సగం ఖాళీ. పైగా చిన్న కారు, అడుగు ఎత్తకుండానే కూర్చోవచ్చు.

"నన్ను పెనుకొండలో దింపి పోండప్పా. మీరు వచ్చేటప్పుడు ఎక్కించుకుందురు" అంది.

అంజనప్ప ముఖం మాడిపోయింది. హనుమక్కకు భర్త పోయి చాలా కాలమైంది. భర్త లేని ఆడమనిషి పనిమీద పోయేవాళ్లకు ఎదురైతే ఆ పని చెడుతుందని ఆయనకు తెలుసు. ఆయనకే కాదు, మీకూ తెలుసు. నాకు తెలియదా?

"ఏమప్పా ఓబులేసూ, శుభమా అని బండి కొనేకి పోతాంటే ఇట్లనేనా బయల్దేరేది?" అన్నాడు.

ఓబులేసు ఇబ్బందిగా తల్లి వైపు చూశాడు. "మా, నువ్వు లోపలికి పో. బండి వచ్చినాక నీ బండ్లోనే రాణి మాదిరి పోదువు. ఈ డొక్కు కారు నీకెందుకు?"

ఆ డొక్కు కారు తనదే కాబట్టి మోహన్ కాస్త నొచ్చుకున్నాడు. హనుమక్క డబ్బాతో లోపలికి పోయింది. నిపుణులు దిగి, అరుగు మీద కాసేపు కూర్చుని, నీళ్లు తాగి మళ్లీ బయలుదేరారు. ఈసారి ఓబులేసు భార్య ఆదిలక్ష్మిని నిండు బిందెతో ఎదురు రమ్మన్నారు. నడుం పట్టేసిందని ఆమె తెల్లారినప్పటి నుంచి చెబుతూనే ఉంది. శకునానికి నడుంతో పనేముంది? మొత్తానికి శుభంగా బయలుదేరారు.

హిందూపురంలో బండ్ల బ్రోకరు దినేష్ వాళ్లకోసం ఎదురుచూస్తున్నాడు. బండి తెల్లగా, ఎత్తుగా, కడిగిన ముత్యంలా ఉంది.

"సింగిల్ ఓనర్ సార్. డాక్టర్ నడిపిన బండి" అన్నాడు దినేష్.

పాత బండ్లన్నీ డాక్టర్లు నడిపినవే. మన ఊళ్లలో ఆసుపత్రికి పోతే డాక్టరు ఎందుకు దొరకడో ఇప్పుడు అర్థమైందా? వాళ్లంతా బండ్లు నడుపుతున్నారు, మనకు అమ్మడానికి!

పరీక్ష మొదలైంది. అంజనప్ప ముందు బండి చుట్టూ తిరిగాడు. దూరంగా పోయి నిలుపు చూశాడు. వెనక నుంచి చూశాడు. గిట్టలు చూసినట్టు టైర్లు చూశాడు. "నోరు తెరిపీ" అన్నాడు. దినేష్‌కు అర్థం కాలేదు. ఓబులేసు చెప్పాక బానెట్ ఎత్తాడు. అంజనప్ప లోపలికి తొంగి చూసి చాలాసేపు తల ఆడించాడు. అందులో పళ్లు కనబడకపోయినా ఆయనకు వయసు అందినట్టే ఉంది.

"మంచి వయసులో ఉండాది. ఇంకా పదేండ్లు దున్నుతాది" అన్నాడు.

ఎద్దునైతే కాడికి కట్టి, ఒక సాలు దున్నించి చూడనిదే ఆయన మాట ఇచ్చేవాడు కాదు. ఎవరి చేలో దున్నాలో ఆ రైతు చేతే పగ్గం పట్టించేవాడు. ఇది బండి కదా! బండికి కాడి లేదు, పగ్గం లేదు. కాబట్టి చూపుతోనే సరిపెట్టాడు.

తర్వాత మోహన్ వంతు. పట్టు రంగును ఎండలోనే చూడాలి గనక బండిని ఎండలోకి తీయించాడు. వేలితో రుద్దాడు. "రోలింగ్‌కు వేసిన పట్టుచీర మాదిరి ఉండాది బావా" అన్నాడు. నిజమే, పాతచీరను రోలింగ్‌కు వేస్తే ముడతలు పోయి మెరుస్తుంది. చీర మాత్రం పాతదే. ఆ సంగతి మోహన్ కంటే బాగా ఎవరికి తెలుసు? అయినా కొట్టుకు వచ్చి చీరను తిరగేసి చూపించమనే ఆడవాళ్లంటే ఆయనకు ఒళ్లు మంట. అంతటి మర్యాదస్తుడు బండి కిందికి వంగి చూస్తాడా? చూడలేదు. ఇంజన్ కింద నేల మీద నల్లగా, తడిగా ఏదో మరక ఉంది. దాని మీదే నిలబడి ఫోన్ తీశాడు.

"టార్క్ ఎంత?" అని అడిగాడు.

"మీకెంత కావాల సార్?" అన్నాడు దినేష్.

ఈ జవాబు మోహన్‌కు చాలా నచ్చింది. కస్టమర్‌తో అలాగే మాట్లాడాలి.

ఇక ఓబులేసు. ఆయన ముందు సీటులో ఎక్కి కూర్చున్నాడు. చెయ్యి పైనున్న పిడికి అందింది, ఒక్క ఊపుతో ఎక్కేశాడు. పైనుంచి చూస్తే ఆటోల కప్పులు కనబడ్డాయి. నడిచిపోయే జనం తలలు కనబడ్డాయి. వాళ్లందరూ తనవైపే తల ఎత్తి చూస్తున్నట్టనిపించింది. ఇక ఇంజన్‌తో ఏం పని చెప్పండి? ఆ ఎత్తులో కూర్చున్న మనిషికి నేలమీద మరకలు కనబడతాయా?

అయినా తల్లి గుర్తొచ్చింది. గుర్తు రాలేదని మనం అనకూడదు.

"యనకాల వరసకు యట్ల పోయేది?" అని అడిగాడు.

"నడిమి సీటు మడిచి, వంగి దూరాల సార్."

"ఆడ ఎవురు కూచుంటారు?"

"చిన్నపిల్లోళ్లు సార్. లేకుంటే ముసలోళ్లు. వాళ్లకు కాళ్లు చాపే పనేముంటాది?"

ముగ్గురూ పకపకా నవ్వారు. ముగ్గురి మోకాళ్లూ బాగానే ఉన్నాయి. వెనక వరుసలోకి ఎవరూ దూరలేదు. దూరితే కదా ఏడు సీట్ల బండిలో సీట్లు ఎన్నో తెలిసేది!

నడిపి చూశారు. పెనుకొండ రోడ్డు మీద కొంత దూరం పోయి వచ్చారు. వెనక నల్లటి పొగ వచ్చింది. "దమ్మున్న బండి" అన్నాడు అంజనప్ప. ఎత్తు ఎక్కేటప్పుడు దినేష్ చెయ్యి చాపి ఏసీ ఆపేశాడు. "గాలి చల్లగ వస్తాంది కద సార్, ఏసీ ఎందుకు?" అన్నాడు. అతని పొదుపుకు ఓబులేసు ముచ్చటపడ్డాడు. "దుడ్లు, రేటు ఆమేలే నిదానంగ మాట్లాడుకుందాం. బండి మీ మనసుకు వచ్చిందా, అది చెప్పండి" అన్నాడు దినేష్. వచ్చింది. వచ్చేసింది. అంత దూరం నుంచి శకునం చూసుకుని వచ్చాక రాకుండా ఎక్కడికి పోతుంది?

కాగితాల పని ముగించి బండితోనే తిరుగుముఖం పట్టారు. ఓబులేసు, అంజనప్ప అందులో, మోహన్ వెనక తన చిన్న కారులో. పెనుకొండ వచ్చింది. కుళ్ళాయమ్మ ఇల్లు రోడ్డుకు పిలుపు దూరంలో ఉంది. ఓబులేసు బండి నెమ్మది చేశాడు. "చిన్నమ్మకు ఒక మాట చెప్పి పోదామా?" అన్నాడు.

"ఏమబ్బా, కొత్తబండి మొట్టమొదట ఆపేది ఆ ఇంటి ముందరనా? ఆయమ్మకు కూడా మొగుడు లేడు" అన్నాడు అంజనప్ప.

బండి ఆగలేదు. ఎంత గొప్ప నిపుణుడో చూడండి. ఇంజన్‌లో ఏముందో తెలియకపోయినా ఏ వీధిలో ఏముందో తెలుసు!

ఇంటి దగ్గర బండికి పసుపు కుంకుమ పెట్టారు, గుమ్మడికాయ దిష్టి తీశారు, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు. అంతసేపూ ఎవరి కోసం కొన్నారో ఆమె గది దాటి రాలేదు. రావద్దన్నారు. అన్నీ అయ్యాక ఓబులేసు తానే పోయి, "రామ్మా, నీ బండి చూద్దువు" అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజంగానే తిరిగాయి, వెక్కిరించడానికి చెప్పడం లేదు.

హనుమక్క బండిని కింద నుంచి పైదాకా చూసింది. ఎక్కే అడుగు ఆమె మోకాలి కంటే పైన ఉంది.

పీట వేశారు. ఒక కాలు పీట మీద పెట్టింది, రెండోది లేవలేదు. ఎత్తైన పీట తెచ్చారు. అప్పుడు మొదటి కాలే లేవలేదు. మోహన్, ఓబులేసు చెరో రెక్క పట్టుకున్నారు.

"వదలండి! నేనేమన్నా శెనక్కాయ మూటనా?" అంది హనుమక్క.

నిపుణులు మళ్లీ ఆలోచనలో పడ్డారు. ఎద్దులను లారీకి ఎక్కించడానికి పాత సంతలో ఒక దిమ్మె ఉందని, అవ్వను అక్కడిదాకా తీసుకుపోతే సులభంగా ఎక్కించవచ్చని అంజనప్ప చెప్పాడు. మరి అక్కడిదాకా ఎట్లా తీసుకుపోవాలి? దానికి మోహన్ దగ్గర సమాధానం ఉంది. చిన్న కారులో! తన మాటకు తనే నవ్వాడు. హనుమక్క నవ్వలేదు. ఇంట్లోకి పోయి పడుకుంది.

కానీ బండి వృథా పోలేదు సుమండీ. అవ్వ కోసం కొన్న బండిలో అంజనప్ప ఆసుపత్రికి పోయివచ్చాడు. అవ్వ కోసం కొన్న బండిలో మోహన్ ధర్మవరం నుంచి బెంగుళూరుకు చీరలు తోలాడు. బుక్కపట్నం చెరువు చేపలు వచ్చాయి, ఆ వాసన నెలరోజులు ఉంది. లేపాక్షికి పోయారు, కదిరికి పోయారు. ప్రతిసారీ వెనక వరుసలోకి దూరింది ఆదిలక్ష్మి. గడ్డానికి మోకాళ్లు ఆనించుకుని కూర్చునేది. ముందు వరుస యజమానిది, కాళ్లు బారజాపుకోవడానికి నడిమి వరుస నిపుణులది, ఇక మిగిలింది ఆ సీటే కదా. బండి పెనుకొండకు కూడా పోయింది, చాలాసార్లు. పోయినప్పుడల్లా నిప్పట్ల డబ్బా పోయేది, ఖాళీ డబ్బా వచ్చేది. నిప్పట్లకు మోకాళ్లు ఉండవు. ఎంత అదృష్టం!

ఓబులేసు దగ్గర ప్రతిసారీ ఒక మాట సిద్ధంగా ఉండేది. "ఈ తూరి మెట్టు ఒకటి వెల్డింగ్ చేపిస్తా మా." హనుమక్క ఊ అనేది. మెట్టు వెల్డింగ్ కాలేదు. మెట్టు వేస్తే బండి అందం చెడుతుందని మోహన్ చెప్పాడు.

మొన్న పెనుకొండలో మోహన్ తరఫు వాళ్ల పెళ్లి వచ్చింది. అందరూ ఏడు సీట్ల బండిలో పొద్దున్నే బయలుదేరారు. హనుమక్కను ఎప్పటిలాగే గదిలో ఉండమన్నారు. ఆమె ఉంది. బండి శబ్దం ఊరు దాటేదాకా తలుపు మూసుకునే ఉంది.

చెన్నేకొత్తపల్లి దాటి హైవే ఎక్కాక బండి మూలగడం మొదలెట్టింది. ఎండ ఎక్కకముందే బండి వేడెక్కింది. వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది, బానెట్ సందుల్లోంచి ఆవిరి చిమ్మింది. రోడ్డు పక్కన ఆపారు. పట్టుపంచెలు ఎగ్గట్టి ముగ్గురూ బానెట్ చుట్టూ నిలబడ్డారు. ఎన్నాళ్లకు మళ్లీ పరీక్ష!

"రేడియేటర్ బావా. యూట్యూబ్‌లో చెప్పినారు" అన్నాడు మోహన్.

"యాడన్న దిష్టి తగిలింటాది. ఎవురో ఎదురొచ్చినట్టుండారు" అన్నాడు అంజనప్ప.

"ఎవురూ రాలేదప్పా, మాయమ్మ గదిలోనే ఉండాది" అన్నాడు ఓబులేసు. అని, తాను అన్న మాట తన చెవికే ఎలాగో తగిలి, తల దించుకున్నాడు. వెనక వరుసలోంచి "నన్నన్నా దింపండి, కాళ్లు పట్టుకపోయినాయి" అని ఆదిలక్ష్మి అరుస్తూనే ఉంది. ఆమెను దింపాలంటే నడిమి సీటు మడవాలి. నడిమి సీటు మడవాల్సినవాళ్లు ఇంజన్‌ను పరీక్షిస్తున్నారు.

అప్పుడొక ఆటో వచ్చింది. పెనుకొండ వైపు పోయే షేర్ ఆటో, ఊరి మనిషి గోపాల్‌ది. నేలకు జానెడు ఎత్తులో దాని అడుగు. బండి పక్కకు రాగానే నెమ్మదించింది. ఓబులేసు తల ఎత్తి చూశాడు. ఆటోలో, కూరగాయల బుట్టల మధ్య, ఒళ్లో డబ్బా పెట్టుకుని వాళ్లమ్మ కూర్చుని ఉంది. ఉతికిన చీర కట్టుకుంది. కాళ్లు ముందుకు చాపుకుంది.

ఓబులేసు "మా..." అన్నాడు, అది ఆవిరిలో కలిసిపోయింది.

"అవ్వా, మీ ఓబులేసన్న బండి నిలబడిపోయినట్టుండాదే! ఆపమంటావా?" అన్నాడు గోపాల్.

హనుమక్క కొడుకును చూసింది, బానెట్‌ను చూసింది, చుట్టూ నిలబడ్డ నిపుణులను చూసింది. కోపం లేదు ఆమె ముఖంలో. పిల్లవాడి పని చెడకూడదనే తల్లి కంగారే ఉంది.

"వద్దు నాయనా, పోనీ పోనీ. వాళ్లు శుభమా అని పోతాండారు. ఈ పొద్దులో నేను దిగి ఎదురుగ నిలబడితే ఆ బండి ఇంక కదలనే కదలదు."

ఆటో పోయింది. అంజనప్ప మెచ్చుకోలుగా తల ఊపాడు. పెద్దావిడకు పద్ధతి తెలుసన్నాడు.

ఓబులేసు మాత్రం బానెట్ వదిలేసి వెనక్కి వచ్చాడు. తలుపు తీసి, నడిమి సీటు మడిచి, భార్యకు చెయ్యి అందించాడు. ఆదిలక్ష్మి వంగి, కుంటుతూ దిగింది. రోడ్డు మీద నిలబడి నడుం సరిచేసుకుని, మొగుడి వైపు చూడకుండా, పెనుకొండకు పోయే ఇంకో ఆటో కోసం చెయ్యి ఎత్తింది.